దగ్గు: కారణాలు, చికిత్స, నివారణ (హోసూరు, కృష్ణగిరి ప్రాంతం)

ఊపిరి దారిలో చేరిన కఫాన్ని, దుమ్మును, దారితప్పిన మెతుకును బయటికి నెట్టేందుకు శరీరం చేసే రక్షణ చర్యే దగ్గు. అది దానంతటది జబ్బు కాదు, జబ్బుకు లక్షణం. మూడు రోజుల జలుబులోనూ దగ్గు వస్తుంది, ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చిన ఊపిరితిత్తుల్లోనూ వస్తుంది. ఈ రెండింటికీ ఒకే సీసా మందు పనిచేయదు.

తమిళనాడుకు వాయవ్య మూలన ఉన్న కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. హోసూరు, డెంకణికోట, సూళగిరి, వేపనపల్లి, బర్గూరు ప్రాంతాల్లో తెలుగు, కన్నడ, తమిళం మూడూ వినిపిస్తాయి. తెలుగువారు మొరసునాడు అని పిలుచుకునే సీమలో ఇదొక భాగం. కార్ఖానాలు, రాతి గనులు, గులాబీ తోటలు, మామిడి తోపులు, రాగి చేలు, జాతీయ రహదారులు అన్నీ ఒకే జిల్లాలో ఉన్నందున ఇక్కడి దగ్గుకు కారణాలు చాలావరకు ఇక్కడి బతుకుతెరువుల్లోనే కనిపిస్తాయి. చుట్టుపక్కల మదనపల్లె, తుముకూరు, మద్రాసుల్లో గత శతాబ్దంలో జరిగిన పరిశోధనలు దగ్గును చూసే తీరునే మార్చాయి. దగ్గును అణచడం కంటే ముందు దాని కారణం వెతకాలన్నది వాటి సారాంశం.

## దగ్గు పుట్టే తీరు

గొంతు, గాలి గొట్టం, వాటి కొమ్మల లోపొరలో సన్నని నాడి కొసలు ఉంటాయి. పొగ, దుమ్ము, కఫం, చల్లగాలి, పైకి ఎగదన్నిన ఆమ్లం తగిలితే అవి రేగుతాయి. ఆ కబురు వేగస్ నాడి ద్వారా మెదడు కాండానికి చేరుతుంది. అక్కడి నుంచి వచ్చే ఆజ్ఞతో మూడు పనులు వరుసగా జరుగుతాయి. ముందు లోతుగా ఊపిరి లోనికి పోతుంది. తర్వాత స్వరపేటిక తలుపు సెకనులో ఐదోవంతు సేపు మూసుకుంటుంది, ఆ లోపల పొట్ట, పక్కటెముకల కండరాలు బిగిసి ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. చివరికి తలుపు ఒక్కసారి తెరుచుకుని గాలి దూసుకొస్తుంది. దానితోపాటు కఫమూ, తుంపర్లూ బయటపడతాయి.

ఈ రక్షణ చాలనివారికే ప్రమాదం ఎక్కువ. పక్షవాతంతో పడకపట్టినవారు, బాగా నీరసించిన వృద్ధులు గట్టిగా దగ్గలేరు. మింగినది ఊపిరితిత్తుల్లోకి జారి వారికి నిమోనియా చేస్తుంది. అందువల్ల తడి దగ్గును బలవంతంగా ఆపడం అన్నివేళలా మేలు కాదు.

## కాలాన్ని బట్టి రకాలు

పెద్దల్లో మూడు వారాల లోపు తగ్గేదాన్ని తాత్కాలిక దగ్గు అనీ, మూడు నుంచి ఎనిమిది వారాలు ఉండేదాన్ని మధ్యకాలపు దగ్గు అనీ, ఎనిమిది వారాలు దాటినదాన్ని దీర్ఘకాలిక దగ్గు అనీ వైద్యులు విభజిస్తారు. పిల్లల్లో నాలుగు వారాలు దాటితేనే దీర్ఘకాలికం. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో వీటన్నిటికంటే ముఖ్యమైన గీత రెండు వారాలు. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కఫం పరీక్ష చేయించాలన్నది జాతీయ క్షయ కార్యక్రమం నియమం.

మామూలు జలుబు తర్వాత వచ్చే దగ్గు జనం అనుకునేదానికన్నా ఎక్కువ రోజులే ఉంటుంది. పలు పరిశోధనలను కలిపి లెక్కవేస్తే దాని సగటు సుమారు 18 రోజులని తేలింది. వారం దాటగానే మందు పనిచేయలేదని డాక్టర్లను మార్చడం, యాంటీబయాటిక్ అడిగి తీసుకోవడం ఈ సంగతి తెలియకే జరుగుతుంటాయి.

## గాలి, నేల, పనులు

హోసూరు పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజాము చలి, మంచు ఇక్కడ గట్టిగానే ఉంటాయి. చలిగాలి ఉబ్బసం ఉన్నవారి గాలి గొట్టాలను బిగిస్తుంది. తలుపులు బిడాయించిన గదుల్లో వైరస్‌లు ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతాయి. వేరే జిల్లాలు, రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండే హాస్టళ్లలో ఒకరికి పట్టిన ఫ్లూ వారం తిరిగేసరికి గది అంతటికీ అంటుకోవడం మామూలే.

బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి మీదుగా సేలం వెళ్లే రహదారి మీద లారీల వరుస తెగదు. కృష్ణగిరి దగ్గర చెన్నై రహదారీ దానితో కలుస్తుంది. రోడ్డు వారగా బడ్డీ కొట్లు పెట్టుకున్నవారు, టోల్‌గేటు సిబ్బంది, లారీ డ్రైవర్లు డీజిల్ పొగను రోజంతా పీలుస్తారు.

హోసూరు పారిశ్రామికవాడ పనుల్లో దగ్గుకు వేర్వేరు దారులున్నాయి. యంత్రాల మీద లోహాన్ని కోసేటప్పుడు చల్లే కూలెంట్ ద్రవం సన్నని తుంపరగా గాలిలో తేలుతుంది. వెల్డింగ్ పొగ, కొన్ని రకాల పెయింట్లలోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పించగలవు. పని వల్ల వచ్చే ఉబ్బసానికి ఒక గుర్తు ఉంది. వారపు సెలవు నాడు, పండగకు ఊరికి పోయినప్పుడు దగ్గు తగ్గుతుంది, పనిలో చేరిన రోజు సాయంత్రానికో రాత్రికో మళ్లీ మొదలవుతుంది. ఈ తేడాను కార్మికుడు చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు.

రాతిపని దీనికంటే ప్రమాదకరం. బర్గూరు, డెంకణికోట, కృష్ణగిరి చుట్టుపక్కల గ్రానైట్ గనులు, కోత కార్ఖానాలు, కంకర క్రషర్లు ఉన్నాయి. గ్రానైట్‌లో సిలికా ఉంటుంది. పెద్ద కోత యంత్రం మీద నీళ్లు ధారగా పడుతుంటాయి కాబట్టి అక్కడ పొడి బురదై కారిపోతుంది. పలక అంచు నునుపు చేసే చేతి గ్రైండర్ దగ్గర చాలాచోట్ల నీళ్లుండవు, తెల్లటి పొడి మనిషి ముఖం మీదికే లేస్తుంది. కంటికి కనిపించే పొడి ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కంటికి ఆనని రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి గట్టి మచ్చలు కట్టిస్తాయి. అదే సిలికోసిస్. పని మానేసినా ఈ మచ్చలు పోవు. ఇది ఉన్నవారికి క్షయ సోకే ముప్పు మామూలువారికంటే చాలా ఎక్కువ. పక్కనున్న కోలారు బంగారు గనుల కార్మికుల్లో ఈ జబ్బును 1940ల్లోనే గుర్తించారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి కానీ రాతిపని మాత్రం చుట్టూ పెరుగుతూనే ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పక ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ఈఎస్ఐ చట్టం కింద ఇది వృత్తి వ్యాధి. అయినా ఎక్స్‌రేలో మచ్చలు చూసి క్షయ అనే అనుకుని, ఏం పని చేస్తావని అడగని సందర్భాలు ఉంటాయి.

పల్లెల్లో కళ్లం దుమ్ము, ఎండుగడ్డి బూజు, పురుగుమందు తుంపర ప్రధానం. సంక్రాంతి ముందూ వెనకా రాగి కంకులను, ఉలవ కట్టెను తారు రోడ్డు మీదే పరిచి బండ్ల చక్రాలతో తొక్కిస్తారు. ఆ ధూళి ఉబ్బసం ఉన్నవారికి పడదు. బాగలూరు, తళి వైపు గులాబీ పాలీహౌస్‌లలో గాలి ఆడదు. మందు కొట్టిన వెంటనే లోపలికి వెళితే కళ్లు మండడం, గొంతు గరగర, దగ్గు తప్పవు. పట్టుగూళ్ల నుంచి నూలు తీసే చోట ఆవిరి, పట్టు జిగురు వల్ల కొందరికి ఉబ్బసం వస్తుంది. కర్ణాటక పట్టు కేంద్రాల్లో 1980ల్లోనే దీన్ని గమనించారు. బీడుభూముల్లో, రోడ్ల వెంట పెరిగే వయ్యారిభామ పుప్పొడి ముక్కు కారడానికీ, తుమ్ములకూ, పిల్లికూతలకూ పేరుమోసింది. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే.

ఇంట్లో వంటపొయ్యి ఇంకో కారణం. 2016లో మొదలైన ఉజ్వల పథకంతో గ్యాస్ చాలా ఇళ్లకు చేరినా, వేన్నీళ్లకూ రాగిసంగటికీ కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్లు ఉన్నాయి. జన్మలో బీడీ ముట్టని ఆడవాళ్లలో కనిపించే దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధికి, అంటే సీఓపీడీకి, ఈ పొగే ముఖ్య కారణం.

## ప్రధాన కారణాలు

జలుబు, ఫ్లూ, కోవిడ్. తాత్కాలిక దగ్గుల్లో అత్యధికం వైరస్‌ల వల్ల వచ్చేవే. వీటికి యాంటీబయాటిక్ పనిచేయదు. కఫం పచ్చగానో పసుపుగానో ఉందన్నంత మాత్రాన బాక్టీరియా చేరినట్టు కాదు.

ముక్కు వెనుక నుంచి జారే చీమిడి. అలర్జీ, సైనస్ వాపు ఉన్నవారికి పడుకోగానే గొంతులోకి చీమిడి జారి దగ్గు వస్తుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం దీని గుర్తు.

ఉబ్బసం. రాత్రి రెండు మూడు గంటలప్పుడు దగ్గుతో మెలకువ రావడం, పిల్లికూతలు, పరుగెత్తితే ఆయాసం దీని లక్షణాలు. కొందరిలో కూతలేమీ లేకుండా ఒక్క పొడి దగ్గే ఉంటుంది. బెంగళూరులో ఒక ఆసుపత్రికి వచ్చిన పిల్లలను వరుసగా గమనించిన డాక్టర్ పరమేశ్ 1979లో 9 శాతంగా ఉన్న ఉబ్బసం 1999 నాటికి 29.5 శాతానికి పెరిగిందని నమోదు చేశారు. ఆసుపత్రి లెక్క కాబట్టి ఊరంతటికీ ఇదే వర్తించదు, పెరుగుదల దిశను మాత్రం చూపుతుంది. ఆ నగరానికి 40 కిలోమీటర్ల దూరంలో, అదే గాలి, అదే పుప్పొడి, అదే వాహనాల పొగ మధ్య ఉన్న హోసూరు ఈ లెక్కను పట్టించుకోక తప్పదు. 

బీడీ, సిగరెట్. పొద్దున లేవగానే కఫంతో దగ్గడం పొగతాగేవారికి అలవాటైపోయి, దాన్ని జబ్బుగానే లెక్కపెట్టరు. ఇన్నాళ్లూ ఉన్న ఆ దగ్గు తీరు మారినా, కఫంలో రక్తపు చార కనిపించినా, గొంతు బొంగురుపోయినా ఊపిరితిత్తుల కేన్సర్ కాదని తేల్చుకోవాలి.

క్షయ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కఫంలో రక్తం దీని లక్షణాలు. అన్నీ ఒకేసారి ఉండాలని లేదు. షుగర్ ఉన్నవారికి, తిండి చాలనివారికి, తాగుడు అలవాటున్నవారికి, రాతిపనివారికి ముప్పు ఎక్కువ. చికిత్స లేకుండా ఉన్న ఒక క్షయ రోగి ఏడాదిలో పది పదిహేను మందికి క్రిమిని అంటించగలడని అంచనా. జబ్బు పూర్తిగా నయమైనవారిలోనూ మచ్చల వల్ల, సాగిపోయిన గాలి గొట్టాల వల్ల దగ్గు మిగలవచ్చు. అలాంటివారికి ప్రతిసారీ క్షయ మందులే మొదలుపెట్టకుండా ముందు కఫం పరీక్షించాలి.

ఇసినోఫిలియా. బోదకాలు పరాన్నజీవి పిల్ల పురుగులకు శరీరం అతిగా స్పందించడం వల్ల రాత్రిపూట విడవని దగ్గు, కూతలు వస్తాయి. రక్తంలో ఇసినోఫిల్ కణాలు మైక్రోలీటరుకు 3000 దాటుతాయి. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో పెరిగి ఇక్కడికి పనికి వచ్చినవారిలో దీన్ని గుర్తుంచుకోవాలి. డీఈసీ మాత్రలు రెండు మూడు వారాలు వాడితే బాగా తగ్గుతుంది.

పుల్లతేపులు, గుండె జబ్బు, మాత్రలు. కడుపులోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్నితే భోంచేసి పడుకున్నాక దగ్గు వస్తుంది. గుండె బలహీనమైనవారికి వెల్లకిలా పడుకుంటే దగ్గు, ఆయాసం వచ్చి లేచి కూర్చుంటే తెరిపి కలుగుతుంది. ఎనాలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు కొందరిలో కఫం లేని పొడి దగ్గును తెప్పిస్తాయి. మొదలుపెట్టిన కొన్ని రోజులకో, నెలలకో ఇది రావచ్చు. మాత్ర మార్చిన కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. బీపీ, షుగర్ మాత్రలను ఇంటికే తెచ్చిచ్చే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ఈ జిల్లాలోని సామనపల్లిలోనే ప్రారంభించింది. మందులు గడపకు వచ్చే ఊళ్లలో కొత్తగా దగ్గు మొదలైతే ఏ బీపీ మాత్ర వేసుకుంటున్నదీ చూడటం మొదటి పని. సొంతంగా ఆపేయకూడదు, డాక్టరును అడిగి మార్చుకోవాలి.

## పిల్లల దగ్గు

ఐదేళ్లలోపు పిల్లల్లో దగ్గుతోపాటు చూడాల్సింది ఊపిరి వేగం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండు నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, ఈ సంఖ్యను అందుకున్నా దాటినా నెమ్ము చేసిందేమోనని అనుమానించాలి. డొక్కలెగరేస్తుంటే, పాలు తాగలేకపోతే, మగతగా ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు.

ఏ జలుబూ లేకుండా ఆడుకుంటున్న బిడ్డ హఠాత్తుగా ఉక్కిరిబిక్కిరై దగ్గితే నోట్లోది గాలి గొట్టంలో ఇరుక్కుందని అనుకోవాలి. ఈ జిల్లాలో ప్రతి ఇంట్లో ఉండే శెనక్కాయ గింజ, చింతగింజ, సీతాఫలం గింజలే ఎక్కువగా ఇలా చేస్తాయి. దగ్గు కాసేపటికి ఆగినా గింజ లోపలే ఉండి వారాల తరబడి ఒకవైపు నిమోనియాగా తిరగబెట్టవచ్చు. అందుకే మూడు నాలుగేళ్లలోపు పిల్లలకు గింజలు ఇవ్వకూడదు.

ఊపిరి తిప్పుకోనివ్వకుండా వరుసగా దగ్గి, చివర కూతపెట్టి వాంతి చేసుకునేది కోరింత దగ్గు. టీకాల వల్ల బాగా తగ్గినా పూర్తిగా పోలేదు. టీకా వయసు రాని పసికందులకు ఇది ప్రాణాంతకం. వారిలో కూత వినిపించకపోవచ్చు, ఊపిరి ఆగి నీలబడటమే మొదటి గుర్తు కావచ్చు.

## చికిత్సా చరిత్రలో ఈ ప్రాంతం

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని క్షయ శానటోరియం 1912లో మొదలైంది. మంచి గాలి, విశ్రాంతి, తిండి తప్ప వేరే చికిత్స లేని రోజులవి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అక్కడ దశాబ్దాలపాటు పనిచేశారు. క్షయ అని పంపిన రోగుల్లో కొందరికి ఎంత వెతికినా కఫంలో క్రిమి దొరకలేదు, రక్తంలో మాత్రం ఇసినోఫిల్ కణాలు విపరీతంగా ఉన్నాయి. ఆయనా, సహచరుడు బార్టన్ కలిసి 1940లో దీన్ని క్షయను పోలిన వేరే జబ్బుగా వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దానికి ఉష్ణమండల ఇసినోఫిలియా అని పేరు పెట్టాడు. ఎక్స్‌రే ఒకేలా కనిపించినా దగ్గు వెనుక జబ్బు వేరు కావచ్చని వైద్యలోకానికి చెప్పిన తొలి పాఠాల్లో అదొకటి.

1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 193 మంది రోగులను రెండు జట్లుగా చేసి, కొందరికి ఇంట్లోనూ కొందరికి శానటోరియంలోనూ ఒకే మందులు ఇచ్చింది. 1959లో వెలువడిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఇరుకు ఇళ్లలో, తక్కువ తిండితో ఉన్నా మందులు సరిగ్గా వేసుకున్నవారు దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లో ఉన్నవారికి జబ్బు అదనంగా అంటుకోలేదు కూడా. క్షయ రోగిని ఊరవతల పెట్టాల్సిన అవసరం అప్పటితో తీరిపోయింది.

అదే ఏడాది బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ మొదలైంది. అక్కడి సామాజిక శాస్త్ర పరిశోధకుడు డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ కలిసి తుముకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నవారిని వెతికి, వారు తమ జబ్బు గురించి ఏం చేశారో అడిగారు. పల్లెటూరి జనానికి లక్షణాలు తెలియవు, ఆసుపత్రికి రారు అన్నది అప్పటి నమ్మకం. 1963లో అచ్చయిన ఈ అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. దాదాపు అందరికీ తమకు దగ్గు, జ్వరం ఉన్నాయని తెలుసు. సగానికి పైగా అప్పటికే ఆసుపత్రి మెట్లెక్కినవారే. వారిలో చాలామందిని కఫం పరీక్ష లేకుండా దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. తప్పు రోగిది కాదు, పరీక్షించని వ్యవస్థది. దగ్గుతో వచ్చినవారి కఫాన్ని మామూలు ఆసుపత్రుల్లోనే చూడాలన్న జాతీయ క్షయ కార్యక్రమం ఈ పరిశోధనల వెలుగులోనే 1962లో రూపుదిద్దుకుంది.

## పరీక్షలు

రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే మొదటివి. కఫం అంటే ఉమ్మి కాదు. పొద్దున లేచి నోరు పుక్కిలించి, లోతుగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీసినదే పనికొస్తుంది. సూక్ష్మదర్శినితో చూసే పాత పద్ధతి స్థానంలో ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు వచ్చాయి. క్రిమి ఉందా లేదా అన్నదీ, ముఖ్యమైన క్షయ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నదీ అవి కొన్ని గంటల్లో చెబుతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. ఉబ్బసం, సీఓపీడీ తేల్చడానికి గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ చేస్తారు.

## చికిత్స

ఇంటి వైద్యం. మిరియాలు, శొంఠి, తులసి కషాయం గొంతుకు హాయినిస్తుంది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం పాత అలవాటు. తమిళులు తూదువళై ఆకును రసంలోనూ పచ్చడిలోనూ వాడతారు. అడ్డసరం ఆకు రసానిది వేరే విశేషం. దానిలోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే కఫాన్ని పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్ మందు తయారైంది. ఏడాది దాటిన పిల్లలకు పడుకునేముందు అర చెంచా నుంచి చెంచా తేనె ఇస్తే రాత్రి దగ్గు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు, బాట్యులిజం అనే విషవ్యాధి రావచ్చు. పసిబిడ్డల ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఏడుస్తుండగా ఆముదం పోయడం, కర్పూరం తినిపించడం ప్రమాదకరం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే మొండి నిమోనియా పడుతుంది.

ఉబ్బసానికి పీల్చే మందే సరైనది. ఇన్‌హేలర్ అలవాటైతే వదలదన్న భయం అపోహ. మందు నేరుగా గాలి గొట్టాలకే చేరుతుంది కాబట్టి మాత్రలతో పోలిస్తే మోతాదు చాలా తక్కువ. మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఏటా వేలమంది వెళ్తారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు, దాన్ని నమ్మి రోజువారీ మందు ఆపినవారికి ఆయాసం ముదిరే ప్రమాదం ఉంది.

క్షయకు మామూలుగా ఆరు నెలల చికిత్స. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడుతుంది. సరిగ్గా అప్పుడే చాలామంది మందు ఆపేస్తారు, మొండి క్రిమి పుట్టేదీ అప్పుడే. తమిళనాడు 2022లో మొదలుపెట్టిన క్షయ మరణాల నివారణ పథకంలో కొత్త రోగి బరువు, ఆక్సిజన్ స్థాయి, ఆసరా లేకుండా నిలబడగలడా అన్నవి మొదటే చూసి, బలహీనులను ఆసుపత్రిలో చేర్చుకుంటారు. పోషణ కోసం కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరులో దాన్ని 1000కి పెంచింది.

దగ్గు సిరప్పులు. ఇవి జబ్బును నయం చేయవు. మామూలు జలుబు దగ్గులో వాటి మేలు స్వల్పం, పసిపిల్లల్లో ఇంచుమించు లేదు. కొన్నిటిలోని కోడీన్ మగతకూ వ్యసనానికీ దారితీస్తుంది. అన్నిటికంటే ఘోరం కల్తీ. సిరప్పును చిక్కబరిచే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ స్థానంలో చవకైన డైఇథిలీన్ గ్లైకాల్ చేరితే మూత్రపిండాలు దెబ్బతిని పిల్లలు చనిపోతారు. 1937లో అమెరికాలో వందమందికి పైగా, 1973లో మద్రాసులో 14 మంది పిల్లలు, 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లలు ఇలాగే పోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 20 మందికి పైగా పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ సిరప్పు తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. రాష్ట్ర ప్రయోగశాల పరీక్షలో దానిలో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య సేవల విభాగం రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదనీ, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదనీ మరోసారి సూచించింది. మందుల షాపులో అడిగి సీసా తెచ్చుకునే అలవాటు మానాలి. ఇంట్లో మిగిలిన పాత సీసాను ఇంకో బిడ్డకు పోయడమూ మానాలి.

## నివారణ

పుట్టిన వెంటనే బీసీజీ, 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 6, 14 వారాలకూ తొమ్మిది నెలలకూ నిమోకాకల్, తొమ్మిది నెలల నుంచి తట్టు టీకా, ఒకటిన్నర ఏడాదికీ ఐదేళ్లకూ బూస్టర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. బీసీజీ పసిపిల్లల్లో ముదిరే క్షయను ఆపుతుంది, పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపదని 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన భారీ పరీక్షలో తేలింది. వృద్ధులకు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారికి ఏటా ఫ్లూ టీకా మంచిది.

ఇంట్లో క్షయ రోగి ఉంటే మిగతావారు పరీక్ష చేయించుకుని, జబ్బు లేదని తేలాక నివారణ మందులు వాడాలి. తిండి కూడా మందులాగే పనిచేస్తుంది. జార్ఖండ్‌లో జరిగిన పరిశోధనలో రోగి కుటుంబానికి అదనపు ఆహారం ఇస్తే ఇంట్లోవారికి కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో వెల్లడైంది. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. రోగి కంచం, గ్లాసు వేరుపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, క్షయ గాలి ద్వారానే వస్తుంది.

పనిచోట తడి కోత, దుమ్ము పీల్చే యంత్రాలు ముందు రావాలి. మాస్కు ఆ తర్వాతే. ముఖానికి కట్టుకునే తుండుగుడ్డ సిలికా రేణువును ఆపదు, ఎన్95 స్థాయి మాస్కు కావాలి. రాతిపనివారికి యాజమాన్యం క్రమం తప్పక ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించాలి. పాలీహౌస్‌లో మందు కొట్టాక తెరలెత్తి, సీసా మీద రాసిన గడువు ముగిశాకే లోపలికి పోవాలి. బీడీ, సిగరెట్ మానాలనుకునేవారికి 1800-11-2356 నంబరులోనూ, క్షయ గురించి 1800-11-6666 లోనూ ఉచితంగా సలహా దొరుకుతుంది.

## ఆలస్యం చేయకూడని సందర్భాలు

కఫంలో రక్తం, కూర్చున్నా తగ్గని ఆయాసం, పెదవులు నీలబడటం, ఛాతీ నొప్పి, తగ్గని తీవ్ర జ్వరం, హఠాత్తుగా గొంతుకు అడ్డం పడటం, పసిబిడ్డ డొక్కలెగరేయడం, వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చేయాలి లేదా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హోసూరు, కృష్ణగిరిలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైంది. ఈ లక్షణాలేవీ లేకున్నా దగ్గు రెండు వారాలు దాటితే దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. అక్కడ ఎన్ని రోజులుగా దగ్గు ఉంది, ఏం పని చేస్తున్నారు, ఏయే మాత్రలు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా అన్న నాలుగు సంగతులు అడగకపోయినా చెప్పాలి. కఫం పరీక్ష చేస్తారా అని అడగాలి. పరీక్ష లేకుండా రెండోసారి సిరప్పు చీటీ రాస్తే, అది ఏ జబ్బుకో కనుక్కునే హక్కు రోగికి ఉంది.